తాత పేరు మోసే ఓడలు

టెక్సాస్ దక్షిణ తీరంలో కార్పస్ క్రిస్టీ అనే ఊరుంది. అక్కడ 'లెక్సింగ్టన్' అనే పాత విమానవాహక నౌకను 1992 నుంచి మ్యూజియంగా నిలిపి ఉంచారు. కొన్నేళ్ళ క్రితం పిల్లలతో కలిసి చూడడానికి వెళ్ళాను. ఇరుకైన ఇనుప మెట్లు ఎక్కి దిగి, విమానాలూ ఫిరంగులూ చూసి బయటికి వచ్చాక నా మనసులో మిగిలినది మాత్రం ఒక చిన్న వివరం. ఆ ఓడకు మొదట అనుకున్న పేరు లెక్సింగ్టన్ కాదు, 'కాబట్'.

1941 జులైలో మసాచుసెట్స్ రాష్ట్రంలోని క్విన్సీ నౌకానిర్మాణశాలలో కాబట్ పేరుతోనే దాని నిర్మాణం మొదలైంది. 1942 మే 8న పసిఫిక్‌లో జరిగిన కోరల్ సముద్ర యుద్ధంలో అసలు లెక్సింగ్టన్ మునిగిపోయింది. దానిని కట్టింది కూడా క్విన్సీలోనే. వార్త తెలిశాక అక్కడి కార్మికులు నౌకాదళ కార్యదర్శి ఫ్రాంక్ నాక్స్‌కు ఒక విన్నపం పంపారు. తాము ఇప్పుడు కడుతున్న ఓడకు ఆ పోయిన ఓడ పేరు పెట్టమన్నారు. జూన్‌లో పేరు మారింది. 1943 ఫిబ్రవరిలో కొత్త లెక్సింగ్టన్ నౌకాదళంలో చేరింది. ఖాళీ అయిన కాబట్ అనే పేరు, అప్పటిదాకా విల్మింగ్టన్ అని పిలుస్తున్న మరో ఓడకు వెళ్ళింది.

నాకు మా తాతగారి పేరు పెట్టారు. ఆయన పోయిన ఏడాదిన్నరకు నేను పుట్టాను. మా నాయనమ్మ భర్త పేరు నోట పలికేది కాదు. అందుచేత మనవడినైన నన్ను కూడా ఆ పేరుతో పిలవలేక, చివరిదాకా 'చిన్నబ్బాయి' అనే పిలిచింది. బడి రిజిస్టరులో ఒక పేరు, వంటింట్లో ఒక పేరు. ఇలాంటి ఇళ్ళలో పెరిగినవారికి క్విన్సీ కార్మికుల కోరిక వింతగా తోచదు. కాని ఒక ప్రభుత్వం, ఒక సైన్యం ఇదే పని చేస్తున్నప్పుడు ఎవరి పేరును నిలుపుతుంది, ఎవరి పేరును వదిలేస్తుంది, ఎప్పుడు మారుస్తుంది? ఈ ప్రశ్నలతో చదివిన విషయాలను ఇక్కడ క్రోడీకరిస్తున్నాను.

నామకరణం ఎప్పుడు, ఎవరి చేత

అమెరికాలోని ఆసుపత్రులలో అప్పుడే పుట్టిన బిడ్డ మణికట్టుకు కట్టే పట్టీ మీద పేరు ఉండదు. ఫలానా ఇంటిపేరు గల 'ఆడశిశువు' లేదా 'మగశిశువు' అని మాత్రమే ఉంటుంది. ఓడ కూడా అంతే. నిర్మాణశాలలో అది తొలుత ఒక యార్డు నంబరు. నీటిలోకి దించే రోజున, అంటే జలప్రవేశం నాడు, దానికి లాంఛనంగా నామకరణం జరుగుతుంది. పాశ్చాత్య దేశాలలో ఒక స్త్రీ ఓడ ముందుభాగానికి షాంపేన్ సీసా కొట్టి పగలగొడుతుంది. మన దేశంలో కొబ్బరికాయ కొడతారు. 2009 జులై 26న విశాఖపట్నంలో అణు జలాంతర్గామి అరిహంత్‌ను జలప్రవేశం చేయించిన గురుశరణ్ కౌర్ కొబ్బరికాయే కొట్టారు.

అప్పటికీ అది ఇంకా యుద్ధనౌక కాదు. యంత్రాలు బిగించి, సముద్రంలో పరీక్షలు ముగించి, పతాకం ఎగురవేసి, కెప్టెన్ బాధ్యత స్వీకరించిన రోజును కమిషనింగ్ అంటారు. పేరు ముందు ఐ.ఎన్.ఎస్. అన్న అక్షరాలు చేరేది ఆ రోజునే. విరమణ నాడు సూర్యాస్తమయ వేళ పతాకాన్ని దించుతారు. ఓడ తుక్కుగా మారవచ్చు, మ్యూజియం కావచ్చు. పేరు మాత్రం నౌకాదళం దగ్గరకు తిరిగి వస్తుంది.

పేరు ఎవరు నిర్ణయించాలన్న విషయంలో ఒక్కో దేశానిది ఒక్కో పద్ధతి. అమెరికాలో 1794 నాటి చట్టం కింద కట్టిన తొలి ఆరు ఫ్రిగేట్లలో ఐదింటి పేర్లను అధ్యక్షుడు జార్జి వాషింగ్టన్ తన ముందుకు వచ్చిన జాబితా నుంచి ఎంచుకున్నాడు. 1819లో ఆ దేశపు కాంగ్రెస్ ఒక నియమం చేసింది. మొదటి తరగతి ఓడలకు రాష్ట్రాల పేర్లు, రెండవ తరగతికి నదుల పేర్లు, మూడవ తరగతికి ముఖ్య నగరాల, పట్టణాల పేర్లు పెట్టాలి. ఏ రెండు ఓడలకూ ఒకే పేరు ఉండరాదు. ఇప్పుడు ఆ అధికారం నౌకాదళ కార్యదర్శిది. జలాంతర్గాములకు చాలాకాలం చేపల పేర్లు పెట్టి, తరువాత నగరాల పేర్లకు మారారు. 'చేపలు ఓట్లు వేయవు కదా' అని అడ్మిరల్ రికోవర్ అన్నాడని చెబుతారు. నగరం పేరు పెడితే ఆ నగరపు ప్రతినిధి నౌకాదళ బడ్జెట్టుకు అనుకూలంగా ఓటు వేస్తాడన్నది అందులోని చమత్కారం.

ఒకే పేరు రెండు ఓడలకు ఉండరాదన్న నియమం ఒకసారి తమాషా అయిన ఇబ్బంది తెచ్చింది. 1797లో జలప్రవేశం చేసిన 'కాన్‌స్టిట్యూషన్' ఆ దేశానికి పూజనీయమైన ఓడ. 1917లో కొత్తగా కట్టబోయే ఒక భారీ యుద్ధనౌకకు ఆ పేరు కావలసి వచ్చి, పాత ఓడను 'ఓల్డ్ కాన్‌స్టిట్యూషన్' అన్నారు. నౌకల సంఖ్యను తగ్గించే అంతర్జాతీయ ఒప్పందం వల్ల కొత్త ఓడ పూర్తి కానే లేదు. 1925లో ముసలిదాని పేరు ముసలిదానికే తిరిగి ఇచ్చారు.

బ్రిటన్‌లో రాజుగారి సమ్మతి కావాలి. మొదటి ప్రపంచ యుద్ధానికి ముందు నౌకాదళ మంత్రిగా ఉన్న విన్‌స్టన్ చర్చిల్ ఒక యుద్ధనౌకకు ఆలివర్ క్రామ్‌వెల్ పేరు ప్రతిపాదించాడు. ఒక రాజుకు శిరచ్ఛేదం చేయించిన వాడి పేరును తన ఓడకు పెట్టడానికి ఐదవ జార్జి ఒప్పుకోలేదు. మరుసటి ఏడు చర్చిల్ మళ్ళీ అడిగాడు. రాజు మళ్ళీ కాదన్నాడు.

నదులను పంచుకున్న రోజు

భారత నౌకాదళంలో పేర్లకు తరగతులున్నాయి. డిస్ట్రాయర్లకు ఎక్కువగా నగరాలు, ఫ్రిగేట్లకు పర్వతాలు, నదులు లేదా ఆయుధాలు, కార్వెట్లకు ఆయుధాలు లేదా దీవులు. ఒకే తరగతి ఓడల పేర్లు చాలాసార్లు ఒకే అక్షరంతో మొదలవుతాయి. తల్వార్, త్రిశూల్, తబర్ ఒక తరగతి. ఖుక్రీ, కిర్పాణ్, కుఠార్ మరొకటి. ఒడ్డున ఉన్న స్థావరాలకు కూడా ఐ.ఎన్.ఎస్. అనే ఉంటుంది. ఇది బ్రిటిష్ వారి నుంచి వచ్చిన అలవాటు. విశాఖలోని ఐ.ఎన్.ఎస్. సర్కార్స్ ఉత్తర సర్కారుల పేరు, జలాంతర్గామి శిక్షణ కేంద్రమైన ఐ.ఎన్.ఎస్. శాతవాహన మన తొలి సామ్రాజ్యపు పేరు మోస్తున్నాయి.

ఈ పేర్ల వెనుక ఎంత చరిత్ర ఉందో మన నదుల విషయంలో కనిపిస్తుంది. రెండవ ప్రపంచ యుద్ధకాలంలో రాయల్ ఇండియన్ నేవీకి వచ్చిన స్లూప్ తరగతి ఓడలలో ఆరింటికి నదుల పేర్లు పెట్టారు. అవి సట్లెజ్, జమ్నా, కావేరి, నర్బదా, గోదావరి, కిస్ట్నా. చివరిది మన కృష్ణకు ఆంగ్లేయులు రాసుకున్న పాత స్పెల్లింగు. దేశవిభజనలో భూమితో, రైలు పెట్టెలతో, కార్యాలయాల బల్లలతో పాటు ఓడలను కూడా పంచారు. నర్బదా, గోదావరి పాకిస్తాన్ వాటాకు వెళ్ళాయి. తమ దేశంలో పారని నదుల పేర్లతో వారు ఓడలు నడపలేదు. నర్బదా 'జీలం' అయింది. గోదావరి 'సింద్' అయింది. సట్లెజ్ మాత్రం భారతదేశంలోనే ఉండిపోయింది. ఓడను అప్పగించవచ్చు కాని నదిని అప్పగించలేము గనుక, గోదావరి అనే పేరు ఒడ్డున మిగిలింది.

1953లో బ్రిటన్ నుంచి వచ్చిన ఒక డిస్ట్రాయర్‌కు మళ్ళీ ఆ పేరు పెట్టారు. ఆ ఓడది కూడా విచిత్రమైన జాతకమే. బ్రిటన్‌లో 'బీడేల్'గా పుట్టి, యుద్ధకాలంలో పోలండ్ నావికుల చేతిలో 'స్లాంజాక్' అయి, చివరికి గోదావరి అయింది. మూడవ గోదావరి భారతదేశంలో కట్టిన ఫ్రిగేట్. 1983 డిసెంబర్ 10న చేరి, 2015 డిసెంబర్ 23న విరమించింది. కృష్ణ కూడా ఇలాగే కొనసాగింది. పాత కిస్ట్నా 1981 దాకా ఉంది. 1995లో బ్రిటన్ నుంచి కొన్న 'ఆండ్రోమెడా' అనే ఫ్రిగేట్‌కు, ఈసారి మనం రాసే తీరులో, కృష్ణ అని పేరు పెట్టారు. అది 2012 దాకా పనిచేసింది.

దీనినిబట్టి ఒక సూత్రం తెలుస్తుంది. ఓడను అమ్మినప్పుడు ఉక్కు వెళుతుంది గాని, పేరు సాధారణంగా వెళ్ళదు. బ్రిటన్ సగంలో వదిలేసిన 'హెర్క్యులిస్'ను మనం 1957లో కొని, 1961 మార్చి 4న విక్రాంత్‌గా కమిషన్ చేశాం. ఫాక్‌లాండ్స్ యుద్ధం చూసిన 'హెర్మీస్' 1987లో విరాట్ అయింది. విశాఖ స్థావరంగా ఉండే జలాశ్వ 2007 దాకా అమెరికా వారి 'ట్రెంటన్'. ఓడ ఇక్కడికి వచ్చాక ట్రెంటన్ అనే పేరును వారు మరొక నౌకకు పెట్టుకున్నారు. పెళ్ళయి వెళ్ళిన పిల్లకు అత్తవారు కొత్త పేరు పెట్టే ఆచారం కొన్ని ప్రాంతాలలో ఉండేది. ఓడల లోకంలో అది నేటికీ ఉంది.

పాత పేరే ఎందుకు

కొత్త పేర్లకు కొదవ లేదు. అయినా నౌకాదళాలు పాత పేర్లనే వెతుక్కుంటాయి. దీనికి మొదటి కారణం ఆచరణలో ఉపయోగం. బ్రిటిష్ సంప్రదాయంలో ఒక ఓడ యుద్ధంలో సాధించిన గౌరవాలు ఆ ఉక్కుకు కాక పేరుకు చెందుతాయి. అదే పేరుతో తరువాత వచ్చే ఓడ వాటన్నిటినీ వారసత్వంగా పొందుతుంది. నిన్న చేరిన పద్దెనిమిదేళ్ళ నావికుడు కూడా రెండు మూడు వందల ఏళ్ళ కథలో భాగస్థుడవుతాడు. క్రమశిక్షణకు, ధైర్యానికి ఇది చవకైన, బలమైన సాధనం.

మన దేశంలో విక్రాంత్ ఇందుకు అందరికీ తెలిసిన ఉదాహరణ. 1971 యుద్ధంలో బంగాళాఖాతంలో పనిచేసిన ఆ ఓడ 1997 జనవరి 31న విరమించింది. కొంతకాలం ముంబైలో మ్యూజియంగా నిలిచి, చివరికి తుక్కుగా మారింది. అందులోని కొంత ఉక్కుతో ఒక సంస్థ మోటారు సైకిళ్ళు కూడా చేసి అమ్మింది. 2022 సెప్టెంబర్ 2న కొచ్చిలో కమిషన్ అయిన విమానవాహక నౌకకు అదే పేరు, ఓడ పక్కన రాసే అదే ఆర్ 11 అన్న గుర్తు ఇచ్చారు. మొదటిది పరాయివారు కట్టినది, రెండవది మనం కట్టుకున్నది. పేరు ఒకటే కనుకనే ఆ తేడా స్పష్టంగా కనిపిస్తుంది.

జలాంతర్గాముల విషయం ఇంకా ఆసక్తికరం. 1967 నుంచి సోవియట్ యూనియన్ నుంచి మనకు తొలి విడతగా ఎనిమిది వచ్చాయి. వాటి పేర్లలో ఆరు, అంటే కల్వరి, ఖాందేరి, కరంజ్, వేలా, వాగీర్, వాగ్షీర్, ముంబైలో కట్టి 2017 నుంచి నౌకాదళంలో చేర్చిన ఆరు కొత్త జలాంతర్గాములకు వచ్చాయి. మిగిలిన రెండింటిలో ఒకటి కుర్సురా. ఆ పేరు గల అసలు ఓడ విశాఖ బీచిలో మ్యూజియంగా కళ్ళెదుటే ఉంది. 2025 ఆగస్టు 26న విశాఖలోనే కమిషన్ అయిన ఉదయగిరి మన ఉదయగిరి కొండల పేరు గల రెండవ ఓడ. మొదటిది 1976 నుంచి 2007 దాకా పనిచేసింది.

మునిగిన ఓడ పేరు

ఆయుష్షు తీరి విరమించిన ఓడ పేరు పెట్టడం తాత పేరు మనవడికి పెట్టడం వంటిది. అందులో తృప్తి ఉంటుంది. యుద్ధంలో మనుషులతో సహా మునిగిన ఓడ పేరు అలాంటిది కాదు. మన ఇళ్ళలో కూడా అకాలమరణం పొందినవారి పేరు పెట్టడానికి జంకేవారున్నారు.

1971 డిసెంబర్ 9 రాత్రి డయ్యూ తీరానికి దూరంగా ఐ.ఎన్.ఎస్. ఖుక్రీని పాకిస్తాన్ జలాంతర్గామి హంగోర్ టార్పెడోతో ముంచింది. 18 మంది అధికారులు, 176 మంది నావికులు పోయారు. కెప్టెన్ మహేంద్రనాథ్ ముల్లా ఓడను విడవకుండా దానితోనే మునిగాడు. మరణానంతరం ఆయనకు మహావీర చక్ర ఇచ్చారు.

పద్దెనిమిదేళ్ళ తరువాత, 1989 ఆగస్టు 23న ముంబైలో కొత్త ఖుక్రీ కమిషన్ అయింది. ఆ కార్యక్రమాన్ని నిర్వహించినవారు ఇద్దరు. ఒకరు నాటి రక్షణమంత్రి కృష్ణచంద్ర పంత్. రెండవవారు కెప్టెన్ ముల్లా భార్య సుధా ముల్లా. భర్తను తీసుకుపోయిన పేరు మళ్ళీ ఒక ఓడ మీద రాసి ఉండగా, దానిని సముద్రానికి అప్పగించడానికి ఆమె వచ్చి నిలబడింది. ఆ ఓడ 32 ఏళ్ళు పనిచేసి, 2021 డిసెంబర్ 23న విశాఖపట్నంలో సూర్యాస్తమయ వేళ విరమించింది. తరువాత దానిని మొదటి ఖుక్రీ స్మారకం ఉన్న డయ్యూకే మ్యూజియంగా పంపారు. మొదటిది చేరలేకపోయిన తీరానికి రెండవది చేరింది.

అవతలి పక్షానికీ ఇలాంటి కథ ఉంది. 2017లో వచ్చిన తెలుగు సినిమా వల్ల ఘాజీ పేరు మనవారందరికీ తెలుసు. అమెరికాలో 'డయాబ్లో'గా పుట్టిన ఆ జలాంతర్గామి 1971 డిసెంబర్ మొదటివారంలో విశాఖ దగ్గర మునిగింది. మన డిస్ట్రాయర్ రాజ్‌పుత్ ముంచిందని భారత నౌకాదళం, లోపల జరిగిన పేలుడే కారణమని పాకిస్తాన్ చెబుతాయి. అందులో ఉన్న తొంభైమందికి పైగా మనుషులలో ఒక్కరూ బతకలేదు. నాలుగేళ్ళకే, 1975లో, పోర్చుగల్ నుంచి కొన్న ఒక జలాంతర్గామికి పాకిస్తాన్ మళ్ళీ ఘాజీ అని పేరు పెట్టింది. రాజ్‌పుత్ పేరు కూడా నిలిచింది. 1980లో చేరిన రెండవ రాజ్‌పుత్ 2021 మే 21న విశాఖలోనే విరమించింది. ఎదురెదురుగా తలపడిన రెండు పేర్లనూ వాటి వారు పోనివ్వలేదు. దుఃఖానికి సరిహద్దులు లేవన్న మాట ఎంత పాతదైనా ఇక్కడ అబద్ధం కాదు.

అమెరికాలో 1942 నవంబర్ 13న 'జూనో' అనే నౌక మునిగినప్పుడు అయోవా రాష్ట్రపు వాటర్లూ పట్టణానికి చెందిన సలివన్ సోదరులు ఐదుగురూ పోయారు. కొన్ని నెలలకే కొత్తగా కట్టిన డిస్ట్రాయర్‌కు 'ద సలివన్స్' అని పేరు పెట్టారు. దానిని జలప్రవేశం చేయించింది ఆ ఐదుగురి తల్లి. 1997లో అదే పేరుతో వచ్చిన రెండవ ఓడకు నామకరణం చేసింది ఆ సోదరులలో ఒకరి మనవరాలు.

కాని అన్ని పేర్లనూ అంత త్వరగా ముట్టుకోలేదు. పెర్ల్ హార్బర్‌లో 1,177 మందితో మునిగిన 'అరిజోనా' నేటికీ అదే నీటిలో ఉంది. చాలామంది దేహాలు ఆ ఓడలోనే ఉన్నాయి. ఆ పేరును మరొక ఓడకు పెడుతున్నట్లు ప్రకటించడానికి 78 ఏళ్ళు పట్టింది. 2019 డిసెంబర్‌లో రెండు కొత్త జలాంతర్గాములకు అరిజోనా, ఓక్లహోమా అనే పేర్లు నిర్ణయించారు. లెక్సింగ్టన్‌కు పట్టినది నెల రోజులు.

ఈ రెండింటిలో ఏది సరైనదని నేను చెప్పలేను. బిడ్డను పోగొట్టుకున్న దంపతులను నా వృత్తిలో చూస్తూనే ఉంటాను. కొందరు తరువాతి బిడ్డకు అదే పేరు పెట్టుకుంటారు. కొందరు ఆ పేరు ఇంట్లో పలకనివ్వరు. ఇద్దరి బాధా ఒకటే. ఒకరికి ఆ పేరు ఊరట, ఇంకొకరికి అదే గాయం.

భయం, సిగ్గు

పేరుకు ఇంత బరువు ఉన్నప్పుడు దాన్ని చూసి భయపడేవారూ ఉంటారు. రెండవ ప్రపంచ యుద్ధం మొదలయ్యాక జర్మనీ తన 'డాయిష్‌లాండ్' నౌకకు 'ల్యుట్సో' అని పేరు మార్చింది. దేశం పేరే గల ఓడ మునిగితే ప్రజల మనోధైర్యం ఏమవుతుందన్నది వారి భయం.

సిగ్గుపడి మార్చిన పేర్లూ ఉన్నాయి. అమెరికా అంతర్యుద్ధంలో బానిసత్వాన్ని సమర్థించిన దక్షిణాది సైన్యం గెలిచిన యుద్ధం ఛాన్సలర్స్‌విల్. ఆ పేరు గల నౌకను 2023లో 'రాబర్ట్ స్మాల్స్' అని మార్చారు. 1862 మేలో, బానిసగా ఉన్న ఈ మనిషి చార్ల్స్‌టన్ రేవు నుంచి దక్షిణాది సైన్యపు ఓడనే నడుపుకుంటూ తన కుటుంబంతో సహా స్వేచ్ఛలోకి వెళ్ళిపోయాడు. అయితే ఈ తలుపు రెండు వైపులా తెరుచుకుంటుంది. స్వలింగ సంపర్కుల హక్కుల కోసం నిలబడి హత్యకు గురైన హార్వీ మిల్క్ పేరు గల నౌక పేరును 2025 జూన్‌లో తీసివేశారు. దానికి రెండవ ప్రపంచ యుద్ధ వీరుడు ఆస్కార్ పీటర్సన్ పేరు పెట్టారు. అదే ఏడాది జనవరిలో బ్రిటన్ తన కొత్త జలాంతర్గామికి అనుకున్న 'అజింకోర్ట్' పేరును 'అకిలీస్'గా మార్చింది. అది ఫ్రాన్సును ఓడించిన యుద్ధపు పేరు. ఫ్రాన్సు ఇప్పుడు మిత్రదేశం. ఓడ పేరు గతాన్ని గురించి చెబుతుందనుకుంటాం. నిజానికి అది పేరు పెట్టినవారి వర్తమానాన్ని గురించే ఎక్కువ చెబుతుంది.

మా నాయనమ్మ తాతగారి పేరు పలకకపోవడం మరిచిపోవడం వల్ల కాదు. ఆ పేరు ఆమెకు ఇంకా బరువుగా ఉండడం వల్ల. అయినా దాన్ని నాకు పెట్టమన్నది ఆమేనట. తాను పలకలేని పేరును ఊరంతా పిలవాలని ఆమె కోరుకున్నది. సుధా ముల్లా ఆ ఓడ మీద నిలబడిన సంగతి చదివినప్పుడు నాకు నాయనమ్మ గుర్తుకు వచ్చింది.

గోదావరి 2015లో, కృష్ణ 2012లో విరమించాక ఆ రెండు పేర్లూ ఒడ్డుకు తిరిగి వచ్చాయి. ఒకటి విభజనలో సరిహద్దు దాటి సింద్ అయి, పోలండ్ వారి పాత ఓడ మీదుగా తిరిగి వచ్చి, చివరికి మన చేతులతో కట్టిన ఓడకు చేరిన పేరు. రెండవది పరాయి స్పెల్లింగును వదిలించుకున్న పేరు. ఎప్పుడో ఎక్కడో ఒక యార్డు నంబరు వాటి కోసం వేచి ఉంటుంది. ఆ రోజు కొబ్బరికాయ కొట్టేవారికి ఈ కథంతా తెలియకపోవచ్చు. తెలిసినవారు చెప్పాలి.